పొడుగు సజ్దా

మున్నీ బీ కడుపులో ఏ జబ్బూ లేదని మూడు కాగితాలు సాక్ష్యం చెబుతున్నాయి. మొదటిది రేపల్లెలో తీయించిన స్కానింగుది. రెండోది బాపట్లలో గొంతులోకి గొట్టం దించి చూసినప్పటిది. మూడోది ఇక్కడే, తెనాలిలో, ఈ ఆసుపత్రిలోనే పోయిన నెల తీసిన సీటీ స్కానుది. మూడింటి అడుగునా ఒకటే మాట, నార్మల్ అని. ఆ మూడింటినీ బట్టలకొట్టు సంచిలో పెట్టుకుని, సంచి మీద ఒక చెయ్యి, కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని, సోమవారం పొద్దున్నే ఆవిడ మళ్లీ వచ్చి ఆడవాళ్ల వార్డులో ఏడో మంచం మీద కూర్చుంది.

"వచ్చేసిందండోయ్ గ్యాసు మున్నీ!" అన్నారెవరో డ్యూటీ గదిలోంచి.

హెడ్ నర్సు రిబ్కా ఆ మాటకి నవ్వలేదు. పోయిన నెల ఆ పేరు పుట్టిన రోజున మాత్రం అందరితో పాటు తనూ నవ్వింది, దాచడమెందుకు. ముప్పై ఏళ్లుగా రేపల్లె ప్యాసింజర్లో వచ్చిపోతూ, ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఈ వార్డంతా తిరిగే మనిషి ఆవిడ. నొప్పి లేకుండా మూలిగేవాళ్లెవరో, నొప్పి ఉండీ నోరెత్తనివాళ్లెవరో మొహం చూసి చెప్పేస్తానని కాస్త గర్వం కూడా ఉంది. పోయిన నెల మున్నీ బీ మొహం చూసి, మొదటి రకం అనుకుంది.

ఇవ్వాళ బీపీ చూడబోతూ ఆగిపోయింది. మున్నీ బీ జాకెట్టుకి చంక కింద కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన మళ్లీ కుట్టు. మూడు వరసలు.

"ఇదేంటమ్మా, ఇన్ని కుట్లు?"

మంచం పక్కనున్న మొగుడు మస్తాన్ వలి జవాబిచ్చాడు. రేపల్లెలో టైలరు. టేపు మెళ్లోంచి తీయడం మర్చిపోయి అట్లాగే రైలెక్కినట్టున్నాడు. "నేనే పట్టానండి సిస్టర్ గారూ. వదులైపోయిందంటే పట్టడం, మళ్లీ వదులైపోయిందంటే మళ్లీ పట్టడం. ఉగాది నించి నాలుగంగుళాలు తగ్గిందండి మనిషి. గ్యాసుకి అంగుళాల చొప్పున తగ్గుతారాండీ?"

అడగడంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అందుకే రిబ్కాకి అది ఎక్కడో గుచ్చుకుంది. ముప్పై ఏళ్ల సర్వీసు చూడలేనిది టైలరు టేపు చూసింది. ఛీ, అనుకుంది తన మీద తనే.

పదింటికి పెద్ద డాక్టరు సంజీవరావు గారు రౌండ్సుకొచ్చారు. చెడ్డవాడేం కాదు, ఊళ్లో సగం మందికి ఆయన చెయ్యి తగిలితేనే జ్వరం తగ్గుతుంది. కాకపోతే ఒకసారి రాసిన మాటని తిరగరాసే అలవాటు లేదు.

"ఏమ్మా, మళ్లీనా? ఉపవాసాలు తగ్గించమని చెప్పానా లేదా?"

మున్నీ బీ నోరు విప్పేలోపు అత్తగారు కాశింబీ అందుకుంది. ఆ ముసలామెకి కోడలి మాటెత్తితే ఎక్కడలేని హుషారూ వస్తుంది. "ఎట్టా తగ్గిస్తదండీ! రంజాన్లో ముప్పై రోజాలూ ఉండింది. ఆ తర్వాత ఆరూ ఉండింది. ఇప్పుడు సోమవారం, గురువారం కూడా ఉంటంది. ఇహ నమాజంటారా, సజ్దాలో నేలకి తలానించిందంటే పది నిమిషాలు లేవదు. మా వీధిలో ఆడోళ్లంతా నా కోడల్ని చూసి నేర్చుకోండని చెప్తారు మసీదులో హజరత్ గారు!"

మున్నీ బీ తల దించుకుంది. వినయమనుకున్నారు అందరూ.

"భక్తి మంచిదేనమ్మా, కడుపు మాడ్చుకోవడమే మంచిది కాదు. ఇక్కడున్నన్నాళ్లూ రోజాలు గీజాలు లేవు, వేళకి తినాలి," అన్నారు సంజీవరావు గారు. కేసు షీటు మీద రెండు ముక్కలు గీకి రిబ్కా చేతికిచ్చారు. పేగుల్లో దోషం లేదు, నొప్పి మనసుకి సంబంధించింది, రేపు డిశ్చార్జి చేసి మానసిక వైద్యుడికి పంపాలి అని దాని సారాంశం.

మధ్యాహ్నం మస్తాన్ వలి తల్లిని బస్సెక్కించడానికి వెళ్లాడు. వార్డులో భోజనాలయ్యాయి. మున్నీ బీ పప్పన్నం ఒక గిన్నెడు తినడం రిబ్కా కళ్లారా చూసింది. ఒంటిగంటన్నరకి మంచాల మధ్య చాప పరచుకుని నమాజు చేసుకోవడం కూడా చూసింది. రెండుంబావుకి థర్మామీటర్ల ట్రే పట్టుకుని మళ్లీ వార్డులోకొస్తే, ఈసారి మంచం మీదే మోకాళ్లేసి, నుదురు పరుపుకానించి ఉంది.

రిబ్కా చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి పోబోయింది. ప్రార్థనలో ఉన్నవాళ్లని కదపడం ఆవిడకి ఇష్టం ఉండదు. తను లూథరన్ చర్చి మనిషే అయినా, ఈ వార్డులో పడమర ఎటో అడిగిన ప్రతి సాయెబుల ఆడమనిషికీ వేలు పెట్టి చూపించింది తనే. పడమరంటే జనరేటర్ షెడ్డు వైపు కిటికీ. నాలుగడుగులు వేశాక ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

మున్నీ బీ తల జనరేటర్ షెడ్డు వైపు లేదు. బాత్రూముల వైపుంది. తూర్పుకి.

ఇందాక చాప మీద నిక్షేపంగా పడమటికే తిరిగి చేసుకున్న మనిషి, రోజుకి ఐదుసార్లు వేళ తప్పని మనిషి, నమాజు వేళ కాని వేళ, బాత్రూములకి ఎదురుగా వంగుతుందా? రిబ్కా ట్రే కింద పెట్టి మంచం దగ్గర కూర్చుంది. దగ్గరికెళితే తెలిసింది. మెడ నిండా చెమట. దుప్పటిని పిడికిళ్లతో పిండేస్తోంది. నాలుగైదు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి కడుపులో గుడగుడమంది, పక్క మంచానికి వినపడేంతగా. పిడికిళ్లు వదులయ్యాయి. మున్నీ బీ లేచి కూర్చుని, ఎదురుగా నర్సమ్మని చూసి బెదిరిపోయింది.

"ఇది నమాజు కాదు కదమ్మా?" మెల్లగా అడిగింది రిబ్కా.

మున్నీ బీ వార్డు గుమ్మం వైపు చూసింది. "మా అత్తకి చెప్పమాకండి సిస్టరమ్మా."

"చెప్పను. ముందు నాకు చెప్పు."

"తిన్న గంటకి ఎడమ పక్క ఏదో చిక్కుపడినట్టయి మెలిపెడతదమ్మా. తల కిందికి పెట్టి ఉంటే కాసేపటికి గుడగుడమని జారి వదిలేస్తది. మొదట నమాజులోనే కనిపెట్టా. సజ్దాలో ఉండంగా వదిలేసింది. అప్పట్నించీ నొప్పి వస్తే చాప పరుస్తన్నా. పొడుగు సజ్దా అంటారు అందరూ. నాకు సిగ్గేసి చస్తన్నా."

"మరి ఆ రోజాలు?"

"తినకపోతే రాదమ్మా." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా భక్తంతా ఇంతే. హజరత్ గారు నా పేరు చెప్పి పిల్లలకి బుద్ధులు చెప్తన్నారంట. అల్లా ఏమనుకుంటన్నాడో!"

రిబ్కాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వీధి వీధంతా చేతులెత్తి మొక్కిన భక్తి, వార్డంతా కలిసి నవ్విన గ్యాసు, రెండూ ఒకటే నొప్పన్నమాట. ముడిలోంచి పెన్సిలు లాగి, టెంపరేచర్ చార్టు తిరగేసి, వెనక ఖాళీ కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. ఏం తింది, ఎన్నింటికి తింది, ఎన్నింటికి నొప్పి వచ్చింది, ఎట్లా ఉంటే పోయింది. పోయిన వారం సంగతులు కూడా గుచ్చి గుచ్చి అడిగి రాసింది. ఆఖరున ఒకటడిగింది.

"పోయిన నెల సీటీ తీసినప్పుడు నొప్పి ఉందా?"

"వచ్చేప్పుడు ఉంది. గంటసేపు వరండాలో కూచోబెట్టారు కదమ్మా. పక్కనెవరూ లేకుండా చూసి వంగా. తగ్గిపోయింది. తర్వాత లోపలికి పిలిచారు."

రిబ్కా పెన్సిలు ఆగిపోయింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు తీశారన్నమాట ఆ ఫొటో.

సర్జన్ చందన వయసు ముప్పై మూడు. కర్లపాలెం పిల్ల. చేరి ఏడాదైనా కాలేదు. సాయంత్రం ఓపీ అయిపోయాక టీ తాగుతుంటే రిబ్కా చార్టు వెనకవైపు తిప్పి ఆవిడ ముందు పెట్టింది. చందన చదివింది. టీ పక్కన పెట్టి మళ్లీ చదివింది.

"తిన్నాక వస్తుంది, తల కిందికి పెడితే పోతుంది. ఎడమ వైపు. సిస్టర్, ఇది రాసిందెవరు?"

"నేనేనండి. తప్పుంటే..."

"తప్పా? మేం మూడు పరీక్షలు చేసి కనుక్కోలేనిది మీరు పెన్సిలు పెట్టి కనుక్కున్నారు." చందన చార్టు మీద ఒక గీత, దాని కింద సంచిలా ఒక సున్న గీసింది. "కడుపులో పేగుల వెనక పొరలుంటాయి. పుట్టకముందు ఆ పొరలు ఒకదానికొకటి అతుక్కోవాలి. ఎక్కడన్నా అతుక్కోకపోతే అక్కడో సందు మిగిలిపోద్ది. పేగు ఆ సందులోకి దూరి, పొర వెనక చేరిపోద్ది. అదే లోపలి హెర్నియా. పైకి వాపు కనపడదు, చేతికి తగలదు. దానంతటది బయటికొచ్చేస్తే స్కానులోనూ కనపడదు. చాలా అరుదు. నా చదువు మొత్తంలో ఒక్కటే చూశాను."

"ఆ మనిషి బాగుందా అండీ?"

చందన గీసిన సున్నని మళ్లీ దిద్దింది. "చూసింది పోస్టుమార్టంలో సిస్టర్. పేగు లోపలే బిగుసుకుని కుళ్లిపోయింది. గ్యాసని ఆర్నెల్లు తిప్పారంట."

రిబ్కాకి ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. డిశ్చార్జి కాగితం ఇంకా తన టేబులు మీదే ఉంది. చందన అప్పటికప్పుడే సంజీవరావు గారికి ఫోన్ చేసింది. ఆయన కాసేపు నసిగి, ఒక్క రోజు టైమిచ్చారు. రేపు సాయంత్రం లోపల ఏమన్నా చూపించగలిగితే సరే, లేకపోతే మాత్రం పంపెయ్యాలి.

"నొప్పి ఉన్నప్పుడే ఫొటో తియ్యాలి," అంది చందన. "అంటే ఆవిడ మామూలుగా తినాలి. నొప్పి వచ్చాక మాత్రం వంగకూడదు. బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి. ఉండగలదా?"

మున్నీ బీని అడిగితే, "ఎంతసేపమ్మా?" అంది. పదిహేను నిమిషాలన్నారు. "అంతేగా," అంది. ఆ 'అంతేగా' అన్న మాట రిబ్కాకి రైల్లో భట్టిప్రోలు దాటేదాకా చెవిలో వినపడుతూనే ఉంది.

మంగళవారం పన్నెండింటికి మున్నీ బీకి అన్నం, గుడ్డు కూర, పెరుగు పెట్టారు. రిబ్కా గడియారం చూసుకుంటూ కూర్చుంది. కింద సీటీ గదిలో టెక్నీషియన్ అజయ్ బాబు కబురు రాగానే బల్ల ఖాళీ చేస్తానని మాటిచ్చాడు. పన్నెండూ యాభైకి మున్నీ బీ మాట్లాడుతున్నదల్లా ఆగిపోయింది.

"వచ్చిందా?"

తలూపింది. చందన వచ్చి కడుపు తడిమింది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది గానీ అది ఏ మూలకీ చాలలేదు. స్ట్రెచర్ మీద కిందికి తీసుకెళ్లారు. తీరా వెళితే సీటీ గది తలుపు మూసి ఉంది. బాపట్ల రోడ్డు మీద లారీ కొట్టేసిన మనిషిని అప్పుడే లోపలికి తీసుకెళ్లారు. తల పగిలిందట.

"అరగంట పట్టుద్ది సిస్టర్ గారూ," అన్నాడు అజయ్ బాబు తలుపు సందులోంచి. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నేనేం చెయ్యనండి, అది ప్రాణం మీదికొచ్చిన కేసు."

ఇదీ ప్రాణం మీదికొచ్చిందేనయ్యా, పైకి కనపడట్లేదంతే, అనుకుంది రిబ్కా. పైకి మాత్రం, "కానియ్యి బాబూ," అంది.

వరండాలో అదే చోటు. పోయిన నెల కూచోబెట్టిన చోటే. మున్నీ బీ వెల్లకిలా పడుకుని పైట కొంగు పళ్ల మధ్య పెట్టి కొరికింది. మోకాళ్లు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. రిబ్కా వాటిని నొక్కి పట్టుకుంది. పది నిమిషాలు. పదిహేను. మస్తాన్ వలి గోడ వైపు తిరిగి మెళ్లో టేపుని వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

అప్పుడు దూరంగా మసీదులోంచి మధ్యాహ్నపు అజాన్ వినపడింది. మున్నీ బీ ఒళ్లంతా ఒక్కసారి కదిలింది. ఇన్ని నెలలుగా ఆ పిలుపు, ఆ వంగడం, ఆ వదలడం ఒకదాని వెంట ఒకటి అలవాటైపోయిన ఒళ్లు. "ఒక్కసారి సిస్టరమ్మా, ఒక్క సజ్దా, మీ కాళ్లు పట్టుకుంటా," అంటూ పక్కకి తిరిగి లేవబోయింది. రిబ్కా రెండు భుజాలూ పట్టి వెనక్కి పడుకోబెట్టింది.

"వద్దమ్మా, వద్దు తల్లీ. ఇంకో పది నిమిషాలు."

సరిగ్గా ఆ క్షణంలోనే కాశింబీ క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. రేపల్లె బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి. అజాన్ వినపడుతోంది. కోడలు సజ్దా అని ఏడుస్తోంది. మెళ్లో శిలువ వేసుకున్న నర్సమ్మ దాన్ని స్ట్రెచర్ మీద అదిమి పట్టుకుంది. ముసలామెకి ఇంకేం కావాలి!

"ఏంటమ్మా ఇది? మీరు మనుషులేనా?" క్యారేజీ ఠంగుమని బల్ల మీద పెట్టింది. "నా కోడల్ని నమాజు కూడా చేసుకోనివ్వరా? ఒరే వలీ, చూస్తా నిలబడ్డావేంట్రా?"

వరండాలో జనం తలలు తిప్పారు. రిబ్కాకి జవాబు తెలుసు. చెప్పనని మాటిచ్చింది. చెప్పకపోతే ఈ గొడవలో కోడలు లేచి వంగుతుంది, నొప్పి పోతుంది, ఫొటోలో మళ్లీ ఏమీ ఉండదు. సాయంత్రానికి డిశ్చార్జి. ఆవిడ మున్నీ బీ కళ్లలోకి చూసింది, చేతులు మాత్రం తియ్యలేదు.

మున్నీ బీ నోట్లోంచి కొంగు తీసింది.

"సిస్టరమ్మని ఏం అనమాక అత్తా," అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ. "అది నమాజు కాదు. నొప్పి. వంగితే తగ్గుద్దని వంగేదాన్ని. రోజాలూ అంతే. తింటే వస్తదని ఉండేదాన్ని. నేను... నువ్వనుకున్న మనిషిని కాదత్తా."

అజాన్ అయిపోయింది. ముసలామె మొహంలో ఏమేం వచ్చి పోయాయో రిబ్కా చూసింది గానీ, వాటికి పేర్లు పెట్టడం ఆవిడ వల్ల కాలేదు. రంజాన్ నెలంతా వీధిలో తలెత్తుకు తిరిగిన ముసలామె. పదిమందిలో, ఆసుపత్రి వరండాలో, ఆ గొప్పంతా ఒక్క మాటతో ఊడిపోయింది.

కాశింబీ చెప్పులు విడిచింది. స్ట్రెచర్ చివరికొచ్చి, కోడలి రెండు పాదాలూ తన చేతుల్లోకి తీసుకుని, తిన్నగా చాపి, తన పొట్టకేసి ఆనించి పట్టుకుంది.

"వంగమాక," అంది. "ఎవురడ్డమొస్తారో చూస్తా. పడుకో."

తలుపు తెరుచుకునేదాకా ఆవిడ ఆ పాదాలు వదల్లేదు. నొప్పి మొదలైన దగ్గర్నించి మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు. రిబ్కా చార్టు వెనక రాసుకుంది. అడిగింది పదిహేను, మున్నీ బీ ఉన్నది ముప్పై ఎనిమిది.

తెర మీద బొమ్మలు ఒకటొకటిగా దిగుతుంటే చందన అజయ్ బాబు భుజం పట్టుకుని, "ఆపు, అక్కడే ఆపు," అంది. రిబ్కాకి సీటీ చదవడం రాదు. వచ్చినా రాకపోయినా అది కనపడింది. కడుపంతా పరుచుకుని ఉండాల్సిన చిన్న పేగు ఎడమ వైపు ఒక్కచోట గుండ్రంగా కుక్కి ఉంది, సంచిలో వేసి మూతి బిగించినట్టు.

"అయిపోయింది తల్లీ, ఇహ వంగు," అంది రిబ్కా పరుగున లోపలికి వెళ్లి. మున్నీ బీ ఆ బల్ల మీదే మోకాళ్లేసి వంగింది. ఐదు నిమిషాలు. పది. గుడగుడ వినపడలేదు.

"వదల్లేదు సిస్టరమ్మా," అంది తలెత్తకుండానే.

రిబ్కా గడియారం చూసుకుంది. నా వల్లేనా? ఇందాక ఒక్కసారి వంగనిచ్చి ఉంటే? రిబ్కా మొహం చూడగానే చందనకి ఆ ప్రశ్న అర్థమైందేమో, "ఇది ఈ రోజు కాకపోతే ఇంకో రోజు బిగిసేదే సిస్టర్," అంది. "రేపల్లెలో, ఇంట్లో, చాప మీద. పొడుగు సజ్దా చేసుకుంటోందని ఎవరూ లేపేవాళ్లు కూడా కాదు. థియేటర్ రెడీ చేయించండి."

సంజీవరావు గారు వచ్చి తెర ముందు చాలాసేపు నిలబడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. కేసు షీటు తెమ్మని, నిన్నటి తన రాత మీద అడ్డంగా గీత కొట్టి, 'నా పొరపాటు' అని రాసి, కింద సంతకం, తేదీ వేశారు. ముప్పై ఏళ్లలో ఆయన కొట్టివేత రిబ్కా చూడడం అదే మొదలు.

ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి చందన మస్తాన్ వలిని కూర్చోబెట్టి పొర, సందు, పేగు అని చెబుతుంటే అతను చెయ్యెత్తి ఆపాడు.

"మేడమ్, ఒకటడగనా? కోటు జేబు అడుగున కుట్టూడిందనుకోండి. అందులో వేసిన సుద్దముక్క లైనింగులోకి జారిపోద్ది. జేబులో చెయ్యి పెడితే దొరకదు. కోటు తలకిందులు చేసి దులిపితే మళ్లా జేబులోకొచ్చి పడద్ది. ఇదీ అంతేనా?"

చందన పెన్ను కింద పెట్టింది. "అంతే. ఇంత బాగా చెప్పడం నాకు చేత కాలేదండి."

"అయితే సుద్ద తీసేసి జేబు కుట్టెయ్యటమేగా."

"అదే. కాకపోతే ఆ సందు అంచునే ఒక పెద్ద రక్తనాళం ఉంటది. సూది దాని పక్క నించే పోవాలి, దాన్ని ముట్టుకోకూడదు."

మస్తాన్ వలి కాసేపు ఆవిడ వేళ్ల వంక చూశాడు. "జరీ అంచు పక్కన కుట్టేటప్పుడు మేం ఊపిరి బిగబడతామండి," అని చెప్పి సంతకం చేశాడు.

పెళ్లికి ముందు ఆరేళ్లు థియేటర్లో చేసిన రిబ్కా ఇవ్వాళ అడక్కుండానే చేతులు కడుక్కుని లోపలికెళ్లింది. ఐదు గంటల ప్యాసింజరు పోతే పోయింది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేశారు. పేగు బాగా ఉబ్బిపోయిందని చందన చిన్న రంధ్రాల్లోంచి చేసే దూర్బీను ఆపరేషన్ జోలికి పోకుండా పొట్ట తెరిచింది. వేలు పెట్టి ఆ సందు మూతి వెతికింది. "ఇదుగో," అంది. ఆ మూతి అంచున నీలంగా నాళం. లాగలేదు, తొందరపడలేదు. ఇరుకు గాజు చేతికి ఎక్కించినట్టు ఒడుపుగా, ఒక్కో అంగుళం లోపలి నుంచి సవరిస్తూ బయటికి తెచ్చింది. అడుగు, రెండడుగులు, నాలుగు. ఆఖరి జానెడూ వంకాయ రంగులో ఉంది.

"వేడి సెలైన్ గుడ్డలు."

రిబ్కా గుడ్డలు తడిపి, పిండి, ఆ పేగు మీద కప్పింది. ఇప్పుడు చూడ్డమే. రంగు తిరిగితే సరి, లేకపోతే ఆ ముక్క కోసెయ్యాలి. గోడ గడియారం ముల్లు కదులుతోంది. మూడు నిమిషాలకి గుడ్డ తీసి చూశారు, అదే రంగు. మళ్లీ తడిపింది, మళ్లీ కప్పింది. ప్రభువా, ముప్పై ఎనిమిది నిమిషాలు ఓర్చుకుంది, నువ్వొక్క పదిమాత్రం ఓర్చుకో, తొందరపడి తీసుకెళ్లకు, అని లోపల లోపలే అంటోంది. ఎనిమిదో నిమిషానికి ఒక చివర ఎర్రబారింది. పన్నెండో నిమిషానికి పేగు మీద సన్నటి అల ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది.

"బతికింది," అంది చందన. తర్వాత ఆ సందు మూతికి నాలుగు కుట్లు వేసింది. ప్రతి కుట్టుకీ ఊపిరి బిగబట్టడం రిబ్కాకి మాస్కు మీదే తెలిసింది.

బుధ, గురువారాలు వార్డులో అందరి నోటా ఒకటే ప్రశ్న. "గ్యాసు పోయిందామ్మా?" పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకి పేగు కదిలిందనడానికి అదే గుర్తు. అది పోతేనే నోటికి నీళ్లు. ఎగతాళికి పుట్టిన మాట కోసం ఇప్పుడు ఆయాల నుంచి సంజీవరావు గారి దాకా కాచుకుని కూర్చున్నారు. గురువారం పొద్దున మున్నీ బీ సిగ్గుతో మొహం కప్పుకుని తలూపగానే వార్డంతా చప్పట్లు కొట్టింది. డ్యూటీ గదిలో ఆ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే రిబ్కా ఊరుకునేది కాదు కూడా.

ఆ మధ్యాహ్నమే, కాశింబీ బత్తాయి వలుస్తుంటే, మున్నీ బీ అడగలేక అడగలేక అడిగింది. "ఇన్ని నెలల నమాజూ వట్టిదేనా అత్తా? అల్లా దగ్గర అబద్ధమాడినట్టేగా?"

కాశింబీ తలెత్తలేదు. తొన మీద పీచు తీస్తూనే ఉంది. "నేను మోకాళ్ల నొప్పులు తగ్గాలని చేస్తా. నీ మొగుడు కొట్టు నడవాలని చేస్తాడు. ఆ హజరత్ గారు కూతురికి సంబంధం కుదరాలని చేస్తన్నాడు, నాకు తెలవదా! ఏ అవసరం లేకుండా వంగేవాడెవడే, చెప్పు? తిను." తొన కోడలి నోట్లో పెట్టింది. ఆ మాట చెవిన పడి రిబ్కా తన ఆదివారపు ప్రార్థనలన్నీ తలుచుకుని నోరు మూసుకుంది.

శనివారం పన్నెండింటికి మున్నీ బీ మెత్తగా ఉడికిన అన్నం, పెరుగు తింది. రిబ్కా అలవాటు చొప్పున గడియారం చూసింది. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. ఒంటిగంటంబావుకి అజాన్ వినపడినప్పుడు మంచం చుట్టూ ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆవిడ మొహంలోకి చూశారు. మున్నీ బీ కడుపు మీద చెయ్యి వేసుకుని, లోపల ఎవరన్నా ఉన్నారా అని విన్నట్టు కాసేపు కూర్చుంది.

"లేదు," అంది. నమ్మలేనట్టు మళ్లీ అంది. "ఏం లేదు."

కుట్లు ఆరేదాకా నేల మీద వంగకూడదని చందన చెప్పింది. అందుకని కుర్చీ వేయించుకుని, జనరేటర్ షెడ్డు వైపు కిటికీకి తిరిగి కూర్చుంది. పైట తల మీదికి లాక్కుంది. సజ్దా వచ్చిన చోట తల కొంచెం వంచింది, ఎత్తింది. మళ్లీ వంచింది, ఎత్తింది. కుడి పక్కకీ ఎడమ పక్కకీ సలాం తిప్పి, చేతులు మొహానికి రాసుకుంది. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టిందేమో.

కాశింబీకి ఇది మింగుడు పడలేదు. పది నిమిషాల సజ్దాలు చూసిన కళ్లు మరి. "ఏంటే, అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయిందత్తా," అంది మున్నీ బీ. నవ్వితే కుట్లు లాగుతాయని కడుపు పట్టుకుని నవ్వింది. "ఇవ్వాళ అడగటానికేం లేదు. ఊరికే వంగా."